యాభైకి దిగిన మూడు వారాలు

ఆ మూడు వారాలు నా బరువు మీద ఇద్దరు పెత్తనం చేశారు. ఒకరు మా కుస్తీ కోచ్, ఇంకొకరు మా నాయినమ్మ. కోచ్ లెక్కలో నేను యాభై కిలోలకు ఒక్క గ్రాము కూడా మించకూడదు. నాయినమ్మకేమో నేను ఎంత బరువుంటే అంత సంతోషం. ఎవరి మాట వినాలో తెలియక పొద్దున ఆయనకు, సాయంత్రం ఆమెకు తలూపుతూ తిరిగాను. అప్పటికి నాకు పద్దెనిమిదేళ్లు. ముక్కు మీద కోపం ఉన్న పిల్లనని మా బిల్డింగంతా పేరుంది. ఆ కోపమంతా ఇంట్లోవాళ్ల మీదే ఖర్చయ్యేది.

మాది ముంబై కామాటిపురలో ఓ చాల్, గదికో కుటుంబం ఉండే పాత బిల్డింగు. రెండో అంతస్తులో, మెట్లెక్కగానే నీళ్ల డ్రమ్ముల పక్కనున్న గది. మా తాత, నాయినమ్మ పాలమూరు జిల్లా నుంచి కట్టుబడి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. తాత పోయి చాలా ఏళ్లయింది. నాన్నది సెంట్రింగ్ పని. ఎక్కడ బిల్డింగు లేస్తుంటే అక్కడే ఉండి, పదిహేను రోజులకోసారి బట్టల మూటతో వచ్చేవాడు. అమ్మ ఒక బడిలో ఆయా. నేను బయట మరాఠీ, హిందీ మాట్లాడేదాన్ని. తెలుగు నాయినమ్మతోనే ఎక్కువ, అదీ పోట్లాడేటప్పుడు ఇంకా బాగా వచ్చేది.

గ్రాంట్ రోడ్ స్టేషన్‌కు ఇవతల ఒక పాత హాల్లో మా తాలీమ్ ఉండేది. కుస్తీ నేర్పే చోటును ఇక్కడ తాలీమ్ అంటారు. మట్టి లేదు, అతుకులు పడిన మ్యాట్ ఉంది. కుస్తీలో బరువును బట్టి తరగతులుంటాయి. నా వయసు ఆడపిల్లలకు యాభై కిలోల తరగతి ఒకటి, దాని పైన యాభై మూడు, అలా పైకి పోతుంది. ముంబై సెలెక్షన్‌కు మా తాలీమ్ నుంచి ఒక్కో తరగతిలో ఒక్కరినే పంపుతారు. మామూలుగా తిని తిరుగుతుంటే నా బరువు యాభై మూడుకు ఓ పిడికెడు తక్కువ. ధారావి నుంచి వచ్చే ఇంకో తెలుగమ్మాయి బరువు కూడా అంతే. నాకన్నా ఏడాది పెద్దది కాబట్టి ఆమెను అక్కా అనేదాన్ని.

ఒకరోజు ప్రాక్టీసు అయ్యాక కోచ్ నన్ను పిలిచి, "పోరీ, నువ్వు యాభైకి దిగు. సెలెక్షన్‌కు ఇంకా మూడు వారాలుంది" అన్నాడు. నేను "సరే సర్" అన్నాను. మా మాటలు అంతటితో అయిపోయాయి. బూట్ల లేసులు విప్పుకుంటూ నా అంతట నేనే అర్థం చెప్పుకున్నాను. అక్క నాకన్నా బాగా ఆడుతుంది, యాభై మూడు ఆమెది, నేను రెండోదాన్ని, అందుకే నన్ను దించుతున్నాడు. అడిగి తెలుసుకోవాలని తోచలేదు. సెలెక్షన్‌లో గెలిస్తే ముంబై తరఫున రాష్ట్ర పోటీలకు వెళ్తాను. అక్కడ పతకం వస్తే పోలీసు ఉద్యోగానికి స్పోర్ట్స్ కోటాలో దారి దొరుకుతుందని అమ్మ ఎప్పటినుంచో కలలు కంటోంది. యాభైలోనైనా, యాభై మూడులోనైనా నాకు ఆ చొక్కా కావాలి. వీపు మీద ముంబై అని రాసి ఉన్న చొక్కా.

కాకపోతే ఒక సంగతి నా బుర్రకు ఎంతకీ ఎక్కలేదు. యాభైలో ఆడే అమ్మాయిలెవరూ యాభై కిలోలు ఉండరు. అందరూ పైనుంచి ఎండి దిగినవాళ్లే. యాభై మూడులో ఆడేవాళ్లు యాభై ఆరు నుంచి దిగుతారట. అందరూ దిగితే మళ్లీ అందరూ సమానమే కదా, ఇక ఎవరికి లాభం? అక్కను అడిగితే పడీపడీ నవ్వి, "అబే, అంత సోచాయించకు, పాగల్ అయితవ్" అంది. ఆమె మాత్రం దిగలేదు. ఉన్న బరువుతోనే యాభై మూడులో ఆడబోతోంది.

ఇక నాయినమ్మ సంగతి. నాకు ఆరేళ్లప్పుడు టైఫాయిడ్ వచ్చింది. ఇరవై రోజులు అన్నం ముట్టలేదట. కిటికీ జాలీకి ఆరేసిన గుడ్డలా అయిపోయానని ఇప్పటికీ చెబుతుంది. అప్పుడు మేడారం తల్లులకు మొక్కుకుంది. పిల్ల మళ్లీ తిని నిండుగా అయితే నిలువెత్తు బంగారం ఇస్తానని. బంగారమంటే బెల్లమే. మనిషిని తూచి అంత బెల్లం ఇవ్వాలి. నేను కోలుకున్నాను, నిండుగా అయ్యాను, స్కూలు దాటి కాలేజీకి వచ్చాను, మొక్కు మాత్రం అలాగే ఉండిపోయింది. రెండేళ్లకోసారి జాతర వస్తుంది, ప్రతిసారీ ఏదో అడ్డం. ఈలోపు మొక్కూ నాతోపాటు పెరిగింది. ఆ సంవత్సరం మా కింది అంతస్తువాళ్లు బస్సు మాట్లాడుకుని జాతరకు వెళ్తున్నారని తెలియగానే నాయినమ్మ పట్టుపట్టింది. ఈసారి ఇవ్వాల్సిందే. తను ప్రయాణం చేయలేదు కాబట్టి ఇక్కడే తూచి, బెల్లం వాళ్లతో పంపుతుంది.

నా కష్టాలు అక్కడ మొదలయ్యాయి. పది అడుగుల గది మాది. మంచం కింద బెల్లం దిమ్మెలు ఒక్కొక్కటే వచ్చి చేరాయి. వాటి చుట్టూ చీమల మందు గీతలు. నేనేమో పొద్దున ఒక గుడ్డు, మధ్యాహ్నం ఒక రొట్టె, సాయంత్రం కీరా ముక్కలు. ఆ బెల్లం వాసన పీలుస్తూ మంచం మీద పడుకునేదాన్ని. ఆకలికి కళ్లు బైర్లు కమ్ముతుంటే, కిందున్న బెల్లమంతా నా పేరు మీదిదే, అందులో చిన్న ముక్క తినడానికి నాకు హక్కు లేదు. ఇదేం న్యాయమో నాకు అంతు పట్టలేదు.

"ఏందే, మొఖం గిట్ల పీక్కపోయింది?" అనేది నాయినమ్మ రోజూ.

"కుస్తీకి నాయినమ్మా. వజన్ తగ్గించాలె."

"తగ్గిస్తె బలమెట్ల వస్తది బిడ్డా? మేము సిమెంటు గమేల నెత్తిన పెట్టుకొని ఆరు మాళ్ల మెట్లు ఎక్కెటోళ్లం. బలమున్నోళ్లకే పని ఇచ్చెటోళ్లు. బక్కదాన్ని సూస్తె మేస్త్రి ఎనక్కి పంపెటోడు. నీ మేస్త్రి ఏందే, పెరిగే పిల్లను తరుగుమంటడు?"

జవాబు లేనప్పుడల్లా నేను అరుస్తాను. "నీకేం తెల్వదు, ఊకో" అని అరిచాను. అరిచినందుకు నాకే సిగ్గేసింది. పోయి క్షమించమందామనుకుంటే కడుపులో ఆకలి ముందుకొచ్చి కూర్చుంది, ఇంకేమీ గుర్తురాలేదు.

జాతర బస్సు బయలుదేరేది ఒక శుక్రవారం పొద్దున. నా సెలెక్షన్ కూడా ఆ శుక్రవారమే. వర్లిలో ఒక హాల్లో, పొద్దున్నే వజన్ చూసి, ఆ రోజే కుస్తీలు. కాబట్టి బెల్లం తూకం గురువారం సాయంత్రమే జరగాలి. ఆ మధ్యాహ్నం తాలీమ్‌లో నా బరువు యాభై కిలోల నాలుగు వందల గ్రాములు. నిద్రలో నాలుగు వందలు దానంతటదే దిగుతుంది. నీళ్లు కూడా తాగకుండా ఉంటే చాలు, గట్టెక్కుతాను.

ఇంటికి వచ్చేసరికి నాయినమ్మ విస్తరి వేసి కూర్చుంది. జొన్న రొట్టెలు, పప్పు, గుమ్మడికాయ కూర. తలస్నానం చేసి, కడుపు నిండా తిని, అప్పుడు కాంటా ఎక్కాలట. తల్లులకు నిండు మనిషి తూకం ఇస్తానని మొక్కుకుంది, ఎండబెట్టిన మనిషి తూకం ఇస్తే మోసమవుతుందట.

"నేను తినను. తింటే రేపు నా పని ఖతం" అన్నాను.

"తినకపోతే తల్లికి ఏం మొఖం జూపించాలె నేను? మూడు కిలోలు దొంగతనం జేసినట్టు గాదా?"

ఇద్దరం అరుచుకున్నాం. పక్క గదులవాళ్లు తలుపుల్లోకి వచ్చి నిలబడ్డారు. అమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి నన్ను వంటగట్టు దగ్గరికి లాగింది. తర్వాత మేం చేసిన పనిని ఏమనాలో నాకు ఇవాళ్టికీ తెలియదు. ప్రాక్టీసులో బరువులెత్తడానికి తెచ్చుకున్న ఇనుప ప్లేటు ఒకటి నా సంచిలో ఉంది, రెండున్నర కిలోలది. అమ్మ దాన్ని తన పాత చీర గుడ్డలో చుట్టి నా నడుముకు కట్టింది. పైన వదులుగా కొత్త పంజాబీ డ్రెస్సు. "కింది వాళ్లింట్ల తిన్నదత్తమ్మా, బిడ్డను ఇంక సతాయించకు" అని నాయినమ్మతో అబద్ధం చెప్పింది. నాయినమ్మ నా పొట్ట వైపు చూసి నమ్మింది.

నాయినమ్మకు అంకెలు పడే మిషన్ మీద నమ్మకం లేదు. రెండు పళ్లేలు సమంగా కళ్లెదుట కనబడాలి. అందుకని మా సందు చివర పాత సామాన్ల దుకాణానికి వెళ్లాం. పాత పేపర్లు, ఇనుప సామాను తూచే పెద్ద కాంటా అక్కడుంది. ఒక పళ్లెం కడిగి పసుపు రాశారు. నేను అందులో గొంతుక్కూర్చున్నాను. ఆ దుకాణం ఆయన సరదా మనిషి. "ఇంతదాకా ఇనుము తూచిన, పిల్లను తూచుడు ఇదే ఫస్ట్ టైమ్" అని నవ్వాడు. ప్లేటు అంచు పక్కటెముకలోకి గుచ్చుకుంటోంది. అవతలి పళ్లెంలో బెల్లం దిమ్మెలు పేరుస్తుంటే నేను మెల్లగా పైకి లేచాను. చివర చిన్న ముక్క వేయగానే కాంటా నిలిచింది. తర్వాత బెల్లాన్ని విడిగా తూస్తే యాభై మూడుకు కొంచెం తక్కువ వచ్చింది.

నాయినమ్మ చేతులెత్తి దండం పెట్టింది. కళ్ల నిండా నీళ్లు. "నిండుగున్నది నా బిడ్డ" అంది. నేను దేవతను మోసం చేశానా? బెల్లం తక్కువేమీ ఇవ్వలేదు, పైగా రెండున్నర కిలోలు ఎక్కువే ఇచ్చాం. మూడు వారాల కిందట నేను నిజంగా అంతే ఉన్నాను. అంటే కాంటా చెప్పింది నిజమే. మరి రేపు పొద్దున వర్లిలో మిషన్ చెప్పబోయేది అబద్ధమా? ఎంత ఆలోచించినా ఏ తూకాన్ని తప్పనాలో తెలియలేదు.

అంతటితో అయిపోతే బాగుండేది. నాయినమ్మ ఆ దిమ్మెల నుంచి నిమ్మకాయంత ముక్క విరిచి, కళ్లకద్దుకుని, నా నోట్లో పెట్టింది. పదిమంది చూస్తున్నారు. బుగ్గన పెట్టుకుని తర్వాత ఉమ్మేద్దామనుకున్నాను. తల్లుల బెల్లం ఉమ్మడానికి ధైర్యం చాలలేదు. అసలు నిజం చెప్పాలంటే, మూడు వారాల తర్వాత నాలుక మీద తీపి తగిలింది, ఇక ఆగలేదు. నమిలి మింగాను. మింగాక గొంతు ఎండింది. మెట్లెక్కి రాగానే డ్రమ్ములో చెంబు ముంచి గటగటా తాగాను. సగం తాగాక ఏం చేస్తున్నానో గుర్తొచ్చింది, అయినా మిగతా సగం కూడా తాగాను.

మర్నాడు వర్లిలో మిషన్ ఎక్కితే యాభై కిలోల మూడు వందలు. వజన్ తీసుకునే సమయం అరగంట. ఆ అరగంటలో ఎన్నిసార్లయినా ఎక్కొచ్చు. ధారావి అక్క అప్పటికే యాభై మూడులో హాయిగా తూగి, గట్టు మీద కూర్చుని అరటిపండు తింటోంది. నన్ను చూసి సగం పండు పక్కన పెట్టి లేచింది. ప్లాస్టిక్ కవరు చొక్కాలా తొడిగి, దాని మీద రెండు స్వెటర్లు వేసి, వరండాలో నా చేత తాడాట ఆడించింది. "ఇంకొక వంద, ఇంకొక వంద" అని లెక్కపెట్టింది. డబ్బా పట్టుకుని ఉమ్మాను. గోళ్లు కొరికేశాను. వెంట్రుకలు కత్తిరించుకుందామా అని కూడా అడిగాను. నాలుగోసారి ఎక్కినప్పుడు సరిగ్గా యాభై. బల్ల దగ్గర కూర్చున్నామె నా వైపు చూడకుండానే టిక్కు పెట్టింది.

మొదటి కుస్తీ పాయింట్ల మీద గెలిచాను, ఎలా గెలిచానో గుర్తులేదు. రెండోది ఒక అమ్మాయితో. ఆమెను అంతకుముందు రెండుసార్లు ఓడించాను. ఈసారి నేను ఆమె కాలు పట్టుకోవడానికి వంగితే నా పిక్కలు రాయిలా బిగుసుకుపోయాయి. లేవమంటే లేవలేదు. నా కాళ్లకు నేను చెబుతున్నా అవి వినడం లేదు. ఆమె నన్ను తిప్పి రెండు భుజాలూ మ్యాట్‌కు ఆనించింది. పైకప్పు ఫ్యాను చూస్తూ పడుకున్నాను. అరె, అయిపోయిందా అనుకున్నాను. ఏడుపు కూడా వెంటనే రాలేదు.

అక్క యాభై మూడులో గెలిచింది. ఆమెకు ముంబై చొక్కా ఖాయమైంది. బస్‌స్టాపు దాకా ఇద్దరం నడిచాం. నా సంచి కూడా ఆమే మోసింది.

"నువ్వు దిగకుండా ఉండాల్సింది" అంది.

"నువ్వు బాగా ఆడతవని నీకు యాభై మూడు ఇచ్చిండు గదా సర్. నేనెక్కడికి పోవాలె?"

అక్క ఆగిపోయింది. "ఎవలు చెప్పిన్రు? సర్ ముందు నన్నే దిగుమన్నడు. నేను ఏడ్చి రచ్చ జేసిన. మా అమ్మ కూడ వచ్చి లొల్లి జేసింది. అప్పుడు నిన్ను అడిగిండు. నువ్వు వెంటనే సరే అన్నవంట. నీకే ఇష్టమేమో అనుకున్న."

బస్సు వస్తే ఎక్కాను. అది మా వైపు పోయే బస్సో కాదో కూడా చూసుకోలేదు. రెండు స్టాపుల తర్వాత దిగి మళ్లీ వెనక్కి నడిచాను. ఎవరి మీద కోపం రావాలి? అక్క తన తిండి తను కాపాడుకుంది. కోచ్ అడిగాడు, నేను ఒప్పుకున్నాను. అక్క కన్నా నేను తక్కువని ఎవరన్నారు? ఎవరూ అనలేదు, నేనే అనుకున్నాను. ఆ మాట మింగుడు పడక, ఇంటికి చేరేసరికి కోపం మళ్లీ తనకు అలవాటైన గడపకే వెళ్లింది.

"నీ వల్లనే" అని నాయినమ్మ మీద అరిచాను. "నువ్వు బెల్లం పెట్టినవ్, నేను మింగిన, నీళ్లు తాగిన, పొద్దుగాల వజన్ ఎక్కువైంది, దుంకి దుంకి కాళ్లు పట్టేసినయ్. నీ మొక్కు నన్ను ముంచింది." నోరు ఆగలేదు. నడుముకు ఇనుము కట్టుకున్న సంగతి కూడా కక్కేశాను. అమ్మ తల దించుకుంది. బెల్లం అప్పటికే బస్సెక్కి వెళ్లిపోయింది.

నాయినమ్మ తిడుతుందనుకున్నాను, ఏడుస్తుందనుకున్నాను. మంచం కింద ఖాళీ అయిన చోటు వైపు చూసి, తర్వాత నా వైపు చూసింది.

"తినుమన్నందుకు నా మీద గింత అరుస్తున్నవ్ గదా బిడ్డా. తినొద్దన్నోని మీద ఒక్కనాడన్న అరిచినవా?"

అని లేచి కంచంలో అన్నం పెట్టింది. ఆ అన్నం తిన్నాను. ఏడుస్తూనే తిన్నాను, రెండోసారి పెట్టించుకుని మరీ తిన్నాను.

సోమవారం తాలీమ్‌కు వెళ్లే ముందు రెండు రోజులు మరాఠీలో జవాబులు సిద్ధం చేసుకున్నాను. యాభై మూడులో నువ్వు నిలబడవు అంటే ఏం చెప్పాలి, ఇంట్లో పెద్దవాళ్లను తీసుకురా అంటే ఏం చెప్పాలి, అసలు తాలీమ్‌కే రావద్దంటే ఏం చెప్పాలి. అన్నీ దారిలో పెదాలు కదుపుతూ వల్లె వేశాను. కోచ్ తన నోటుబుక్కులో తర్వాతి పోటీలకు పేర్లు రాసుకుంటున్నాడు. నన్ను చూడగానే అడగకుండానే నా పేరు యాభై కింద రాశాడు.

"సర్, నేను దిగను. యాభై మూడు" అన్నాను.

ఆయన తలెత్తి ఒక్కసారి చూశాడు. యాభై కింది పేరు కొట్టేసి, యాభై మూడులో అక్క పేరు కింద రాశాడు. "సరే. శనివారం మీ ఇద్దరికీ కుస్తీ పెడతా. గెలిచినామె ఆడుతుంది" అన్నాడు. కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. నేను కదలకుండా నిలబడి ఉండటం చూసి, "ఇంకేమైనా ఉందా?" అని అడిగాడు.

"ఏం లేదు సర్" అన్నాను.

ఉంది. మూడు వారాల ఆకలి ఉంది. అది తీసుకెళ్లి ఎవరి ముందు పెట్టాలో తెలియక, మిగతా పిల్లలతో పాటు వరుసలో నిలబడ్డాను.